ధ్రువాల మంచు డేటా: 2012 అంకె ఏది నిజం? మనమూ ఒక కాపీ పెట్టుకోవాలా?

కావలి_ఫిజిక్స్ | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా డిగ్రీ మూడో సంవత్సరం పిల్లలకి ఈసారి ఆర్కిటిక్ సముద్రపు మంచు మీద ప్రాజెక్టు ఇచ్చాను. ఏటా సెప్టెంబరులో మంచు విస్తీర్ణం ఎంత కిందికి పడిందో 1979 నుంచి వరసగా గ్రాఫ్ గీయాలి. డేటాకి ఇబ్బంది లేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో ఎన్ఎస్ఐడీసీ అని మంచు డేటా కేంద్రం ఉంది, పైసా తీసుకోకుండా ఇస్తుంది.

పేచీ 2012 దగ్గర వచ్చింది. ఉపగ్రహాలు కొలవడం మొదలయ్యాక అతి తక్కువ మంచు ఆ ఏడాదిదే. ఒక జట్టు 34.1 లక్షల చదరపు కిలోమీటర్లు అని రాసింది, ఇంకో జట్టు 33.9 లక్షలు అంది. ఎక్కడ తెచ్చారంటే ఇద్దరూ ఎన్ఎస్ఐడీసీ పేరే చెప్తున్నారు. మొదటి జట్టు 2012 నాటి ప్రకటన చూపించింది, రెండో జట్టు మొన్న దించుకున్న ఫైలు చూపించింది. మార్కులు ఎవరికి వేయాలి?

రెండో సంగతి. 2025 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ తన వాతావరణ ఉపగ్రహాల డేటా ఆ నెలాఖరుతో ఆపేస్తున్నామని ప్రకటించింది. తర్వాత జూలై ఆఖరన్నారు, ఆ తర్వాత కొనసాగిస్తామన్నారు. ఈ మంచు లెక్కలు అప్పటిదాకా నడిచింది ఆ ఉపగ్రహాల మీదే. మా ల్యాబులో 4 టెరాబైట్ల డిస్కు ఒకటి ఖాళీగా ఉంది. మొత్తం దించి పెట్టేద్దామా అని ఆలోచన. తెలిసినవాళ్ళు చెప్పండి.

రొయ్యలగుంట_మైపాడు | శనివారం రాత్రి 9:05

సారూ, తప్పుగా అనుకోబాకండి. ఈడ గుంటల్లో వైట్ స్పాట్ వచ్చి రొయ్య తేలిపోతుంటే, యాడనో ఉత్తర ధ్రువం కాడ మంచు ఎంతుండాదో లెక్కేసి ఆ పిల్లకాయలు ఏం జేస్తారు? మన పెన్నా గురించో, పులికాట్ గురించో ఇచ్చుంటే రేపు ఎవరికన్నా పనికొచ్చేది గదా.

కావలి_ఫిజిక్స్ | శనివారం రాత్రి 9:14

న్యాయమైన ప్రశ్నే అన్నా. పెన్నాకి 1979 నుంచి రోజువారీ లెక్క, ఖాళీలతో సహా, ఉచితంగా దొరికే ఫైలు ఒకటి చూపించు, వచ్చే ఏడాది అదే ఇస్తా. మంచుకి అది దొరుకుతుంది కాబట్టే ఇచ్చాను.

సింగరాయకొండ_టు_గోవా | శనివారం రాత్రి 10:20

గోవాలో కొంతకాలం ధ్రువాల డేటా పని చేసినవాణ్ణి, ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నా. వరసగా చెప్తాను.

మార్కులు ఇద్దరికీ వేయండి సార్. రెండు అంకెలూ నిజమే. ఉపగ్రహం పంపింది పంపినట్టు ఏ రోజుకారోజు లెక్కేసి పెట్టేది తక్షణ డేటా. నెలల తర్వాత తప్పుడు రీడింగులు ఏరేసి, సరిచూసి మళ్ళీ లెక్కేసేది తుది డేటా. దీనిపైన లెక్క పద్ధతి మారినప్పుడల్లా కొత్త వెర్షన్ వస్తుంది, వచ్చినప్పుడు పాత ఏళ్ళ అంకెలు కూడా కొంచెం కొంచెం కదులుతాయి. 2012 అట్లా 34.1 నుంచి 33.9కి జరిగింది.

తేడా 20 వేల చదరపు కిలోమీటర్లు. పాత నెల్లూరు జిల్లా మొత్తం 13,076. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ వాళ్ళ పటంలో ఒక్కో గడి 25 కిలోమీటర్ల చదరం, అంటే 625 చదరపు కిలోమీటర్లు. 20 వేలంటే 32 గళ్ళు. ఒక గడిలో 15 శాతమో ఆపైనో మంచుంటే ఆ గడి మొత్తాన్ని విస్తీర్ణంలో కలుపుతారు, 14 ఉంటే అసలు కలపరు. అంచున ఉన్న ముప్పై రెండు గళ్ళు ఇటు నుంచి అటు దూకడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

తప్పల్లా ఎక్కడంటే, ఇద్దరు పిల్లలూ ఏ వెర్షను, ఏ తేదీన దించాం అని రాయకపోవడం.

కనిగిరి_అనుమానం | శనివారం రాత్రి 10:41

అంకెలు వాళ్ళే పెడతారు, వాళ్ళే మారుస్తారు, మనం నమ్మాలి. ఇదేం సైన్సండీ? పాత ఏళ్ళ లెక్క ఇప్పుడు దిద్దుతున్నారంటేనే ఏదో మతలబు ఉందని కదా.

సింగరాయకొండ_టు_గోవా | శనివారం రాత్రి 11:02

మతలబు ఉంటే దిద్దినట్టు చెప్పరు కదా బాబాయ్. 2009 సంగతి వినండి. అప్పుడు వాడుతున్నది ఎఫ్13 అనే అమెరికా రక్షణ శాఖ ఉపగ్రహం. జనవరిలో దాని సెన్సర్ మెల్లగా పక్కకి జారడం మొదలైంది. ఫిబ్రవరి నడిమికొచ్చేసరికి ఆర్కిటిక్ మంచుని 5 లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ చేసి చూపిస్తోంది. కనిపెట్టింది ఎవరు? రోజూ ఆ పటం చూసే మామూలు పాఠకులు. గడ్డకట్టి ఉండాల్సిన చోట ఖాళీ సముద్రం కనిపిస్తోందేంటని మెయిళ్ళు పెట్టారు. ఎన్ఎస్ఐడీసీ వాళ్ళు వేరే ఉపగ్రహంతో పోల్చుకుని, అవును సెన్సర్ చెడిపోయింది అని బయటికే చెప్పి ఎఫ్17కి మారారు.

మంచు తగ్గిపోతోందని భయపెట్టడమే వాళ్ళ పనైతే, తక్కువ చూపించే సెన్సర్‌ని అట్లాగే ఉంచుకునేవాళ్ళు. బీరువాలో దాచిన డేటా అయ్యుంటే ఆ తప్పు ఎవరికీ కనపడేది కాదు. 2016 ఏప్రిల్లో ఎఫ్17కీ జబ్బు చేసింది, అప్పుడూ అంతే, పటం ఆపేసి కారణం రాసి పెట్టారు.

కనిగిరి_అనుమానం | శనివారం రాత్రి 11:10

సరే, 2009 సంగతి నాకు తెలీదు. కానీ అనుమానం అనుమానమే. నాలుగైదు ఉపగ్రహాల లెక్కల్ని ఒకదానికొకటి అతికించి ఒకటే గీత అంటున్నారు. ఆ అతుకు దగ్గర ఏం చేశారో ఎవరు చూశారు?

సింగరాయకొండ_టు_గోవా | శనివారం రాత్రి 11:31

ఇది మాత్రం గట్టి ప్రశ్న. నింబస్-7 అనే ఉపగ్రహం మీద పెట్టిన సెన్సర్ 1978 అక్టోబరు నుంచి 1987 దాకా పనిచేసింది, అదీ రోజు మార్చి రోజు. దాని తర్వాత ఎఫ్8, ఎఫ్11, ఎఫ్13, ఎఫ్17, ఎఫ్18. కొత్తది వచ్చాక పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు ఒకేసారి నడవాలి, రెండూ ఒకే మంచుని చూసి ఒకే జవాబు చెప్తున్నాయా అని సరిచూడాలి. 1987లో అట్లా కలిసి నడిచింది ఆరు వారాలే, జూలై ఆగస్టుల్లో. చలికాలపు మంచు మీద సరిచూసే అవకాశమే దొరకలేదు. ఇది నేను కనిపెట్టింది కాదు, వాళ్ళ వివరణ పత్రాల్లోనే ఉంది.

2025లో అందరూ కంగారుపడిందీ ఇందుకే. డేటా ఆగితే ఆ నెల అంకె పోతుంది, పోనీ. రేపు వచ్చే సెన్సర్‌కి పక్కన నిలబడి పోల్చిచూసే తోడు లేకుండా పోతే నలభై ఏళ్ళ వరస తెగిపోతుంది. అందుకే జపాన్ వాళ్ళ ఆమ్సర్-2 అనే సెన్సర్‌కి మారారు. అది 2012లో ఎగిరింది, కాబట్టి పాతవాటితో కలిసి నడిచిన ఏళ్ళు చాలానే ఉన్నాయి. అయితే దానికీ వయసైంది.

ఒంగోలు_గ్రంథాలయం | ఆదివారం ఉదయం 7:15

పొద్దున్నే చూశాను ఈ చర్చ. నేను లైబ్రేరియన్ని, మంచు గురించి పెద్దగా తెలియదు, దాచడం గురించి తెలుసు. మాస్టారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

ముందు ఒక సంగతి చెప్తాను. అందరూ 1978 నుంచి అంటున్నారు కదా, అంతకుముందు 1964లోనే నింబస్-1 అనే ఉపగ్రహం ధ్రువాల మీదుగా తిరిగింది. ఆగస్టు 28న ఎగిరి నెల తిరక్కుండానే మూగబోయింది. అది తీసిన బొమ్మలు 35 ఎం.ఎం. ఫిల్ము రీళ్ళుగా డబ్బాల్లోకి పోయి, ఉత్తర కరోలినాలోని యాష్‌విల్ వాతావరణ భాండాగారంలో ఉండిపోయాయి. వాటిని చూసి మంచు కొలవొచ్చని దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. చివరికి ఈ ఎన్ఎస్ఐడీసీ వాళ్ళే రీళ్ళు తెప్పించి, ఆ తర్వాత వచ్చిన నింబస్‌లవి కూడా కలిపి, రెండున్నర లక్షల దాకా బొమ్మలు స్కాన్ చేశారు. మబ్బులు తప్పించి మంచు అంచు ఎక్కడుందో వెతుక్కుంటూ, 1964 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రపు మంచు 1 కోటి 97 లక్షల చదరపు కిలోమీటర్లని తేల్చారు. అరవైల నాటి అంకె, యాభై ఏళ్ళ తర్వాత పుట్టింది.

నాకు ఇందులో నచ్చింది స్కానింగు కాదు. ఆ యాభై ఏళ్ళలో ఎవరో గుమాస్తా, స్థలం చాలడం లేదని ఆ డబ్బాలు పారేయించకపోవడం. బొమ్మలతోపాటు ఉపగ్రహం ఆ క్షణాన ఏ కక్ష్యలో ఎక్కడుందన్న వివరాలు మిగిలి ఉండబట్టే అవి పటాలయ్యాయి. ఉట్టి బొమ్మలైతే తెల్ల మచ్చలే.

కాబట్టి మాస్టారూ, ఫైళ్ళు దించుకోవడం సులువే. వాటి వెనక వివరణ పత్రాలు కూడా దించారా అనేది నా ప్రశ్న.

షార్_రిటైర్డ్ | ఆదివారం ఉదయం 8:30

నెల్లూరు దర్గామిట్ట నుంచి నమస్కారాలు. శ్రీహరికోటలో సర్వీసంతా చేసి రిటైరైనవాణ్ణి. (2022లో జిల్లాల విభజనతో షార్ తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా మేం నెల్లూరోళ్ళమే, ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్తాం.)

అందరూ అమెరికా, జపాన్ అంటున్నారు. ఇక్కణ్ణించి వెళ్ళినవి ఎవరూ తలవరేం? 2009 సెప్టెంబరు 23న పీఎస్ఎల్వీ-సీ14 మీద పోయిన ఓషన్‌శాట్-2లో స్కాటరోమీటర్ ఉంది, రాడార్ తరంగాలు పంపి తిరిగొచ్చినదాన్ని కొలిచే పరికరం. సముద్రం మీద గాలుల కోసం పెట్టింది, కానీ దాని సిగ్నల్‌తో సముద్రపు మంచు అంచు కూడా తెలిసేది. 2013 ఫిబ్రవరి 25న సరళ్ పోయింది, ఎత్తు కొలిచే ఫ్రాన్సు వాళ్ళ రాడార్ ఆల్టిమీటర్ ఆల్టికా దాని మీదే. మామూలు రాడార్ ఆల్టిమీటర్ల కిరణం పొడి మంచులోకి కొంత దూరం దిగిపోతుంది, అందువల్ల పైమట్టం ఎక్కడో సరిగ్గా తేలదు. సరళ్‌ది కా బ్యాండ్, అంటే ఇంకా పొట్టి తరంగాలు, అంత లోతుకి పోదు. మంచు ఎత్తు కొలిచేవాళ్ళకి అందుకే అది ముద్దు. 2025 జూలై 30న నైసార్ పోయింది, నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. ఎల్ బ్యాండ్ రాడార్ నాసాది, ఎస్ బ్యాండ్ మనది. 12 రోజులకొకసారి అదే చోటికి వచ్చి, మంచు పలకలు ఎంత కదిలాయో చెప్తుంది. ఎప్పుడూ ఎడమవైపుకే చూసేలా పెట్టారు, అంటార్కిటికా బాగా కనపడాలని.

బాబూ మాస్టారూ, నా మాటగా చెప్తున్నా, ఉన్నదంతా దించి పెట్టుకో. రేపు ఎవరి దేశంలో ఏ ప్రభుత్వం వచ్చి ఏ తలుపు మూస్తుందో ఎవడికి ఎరుక? కాపీ కాపీయే.

సింగరాయకొండ_టు_గోవా | ఆదివారం ఉదయం 9:10

సార్, మీ అనుభవానికి దండం, కానీ అదంతా దించే పనేనా? నైసార్ ఒక్కటే రోజుకి 80 టెరాబైట్ల దాకా డేటా ఇస్తుందని నాసా చెప్తోంది. మాస్టారి 4 టెరాబైట్ల డిస్కు అందులో గంటంబావుకి నిండుతుంది. కాలేజీ నెట్టు సంగతి నేను చెప్పక్కర్లేదు.

కాపీలు వద్దనడం లేదు. ఈ పద్ధతి మొదలైందే కాపీలతో. 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిగినప్పుడు ప్రపంచ డేటా కేంద్రాలని పెట్టారు. ‘ఏ’ అమెరికాలో, ‘బి’ సోవియట్ రష్యాలో, ‘సి’ పశ్చిమ యూరప్, జపాన్‌లలో. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు, ఒకడి మొహం ఒకడు చూసుకోడు, అయినా కొలతలు మాత్రం అన్నిచోట్లా ఉండాలన్నారు. 1959 అంటార్కిటికా ఒప్పందం మూడో అధికరణంలోనూ రాసుకున్నారు, అక్కడ చేసిన పరిశీలనలు, ఫలితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, అందరికీ స్వేచ్ఛగా అందాలి అని. మనం 1983లో చేరాం. మైత్రి, భారతి స్టేషన్లలోనూ, ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల్లోని హిమాద్రిలోనూ మనవాళ్ళు తీసే డేటా గోవాలో ఎన్సీపీఓఆర్ అనే ధ్రువ పరిశోధన సంస్థ కింద ఉన్న జాతీయ ధ్రువ డేటా కేంద్రానికి చేరేది ఆ లెక్కనే. మన ఉపగ్రహాలవి హైదరాబాద్‌లో ఇస్రో వాళ్ళ ఎన్ఆర్ఎస్సీ కేంద్రం నడిపే భూనిధి పోర్టల్లో చూడండి.

కానీ ఆ కేంద్రాల్లో జీతం తీసుకుని, ఫైలు చెడిందా లేదా అని చూసే మనుషులు ఉంటారు. మన బీరువాలో ఆ మనిషి ఎవరు? ఈ పిల్లలు వచ్చే ఏడాది వెళ్ళిపోతారు.

షార్_రిటైర్డ్ | ఆదివారం ఉదయం 9:22

ఆ మనిషిని నేనే. పెన్షన్ వస్తోంది, ఖాళీగానే ఉన్నా. ఇంకేం?

రొయ్యలగుంట_మైపాడు | ఆదివారం ఉదయం 9:40

సారోళ్ళంతా కంప్యూటర్ మంచు గురించి మాట్లాడుతుండారు. నిజం మంచు కూడా దాస్తారంట గదా, బోరేసి తీసి? యూట్యూబ్‌లో చూసినా. దానికి కరెంటు పోతే?

సింగరాయకొండ_టు_గోవా | ఆదివారం ఉదయం 10:05

కరెంటు కాదుగానీ, ఒకచోట చల్లబరిచే యంత్రమే చెడింది అన్నా. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో, 2017 ఏప్రిల్లో. ఆర్కిటిక్ హిమనదాల్లో తవ్వి తీసిన మంచు స్తంభాల్ని కొత్త శీతల గిడ్డంగిలోకి మార్చిన కొద్ది రోజులకే. మైనస్ 37 డిగ్రీల్లో ఉండాల్సిన గది 40 డిగ్రీల దాకా ఎక్కింది. అలారం కూడా సరిగ్గా మోగలేదు. 180 మీటర్ల మంచు కరిగి నేల మీద నీళ్ళు నిలిచాయి. వాళ్ళ మొత్తం నిల్వలో ఎనిమిదో వంతు. వేల ఏళ్ళ నాటి పొరలు అందులో ఉన్నాయి. మంచుకి కాపీ తీయడం కుదరదు, పోతే మళ్ళీ అక్కడికెళ్ళి తవ్వాలి, అప్పటికి ఆ హిమనదం పైపొరలు కరిగిపోయి ఉంటే అదీ లేదు.

రొయ్యలగుంట_మైపాడు | ఆదివారం ఉదయం 10:18

మా కాడ ఐసు ఫ్యాక్టరీలో రెండు జనరేటర్లు పెడతారు, ఒకటి మొరాయిస్తే ఇంకోటి. రొయ్యకే అంత జాగ్రత్తయితే, వేల ఏళ్ళ సరుక్కి అలారం కూడా సరిగ్గా మోగలేదంటే ఏమనాలబ్బా.

సరేగానీ ఆ మంచుకీ మాకూ లంకె ఏందో ఇంకా ఎవరూ చెప్పలా.

కావలి_ఫిజిక్స్ | ఆదివారం ఉదయం 10:50

లంకె రెండు రకాలన్నా. నీళ్ళ మీద తేలే మంచు కరిగితే సముద్ర మట్టం పెరిగేది దాదాపు ఏమీ లేదు, గ్లాసులో ఐసుముక్క కరిగినట్టే. నేల మీదున్న గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు సంగతి వేరు, అది సముద్రంలోకి దిగితే మైపాడు గట్టుకీ తెలుస్తుంది. అదంతా కరగడానికి వేల ఏళ్ళు పడుతుంది, భయపెట్టడానికి చెప్పడం లేదు. కాకపోతే గట్టు మునగడానికి అంతా కరగక్కర్లేదు కదా.

వర్షాల సంగతి ఇంకోటి. 2021లో గోవా ఎన్సీపీఓఆర్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చువేశారు. ఆర్కిటిక్‌లో కారా సముద్రం దగ్గర వేసవిలో మంచు బాగా తగ్గిన ఏళ్ళకీ, మధ్య భారతంలో సెప్టెంబరులో కుండపోత వానలకీ సంబంధం కనపడుతోందని. అయితే మన వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ పేపరు మనకి వర్తిస్తుందని నేను చెప్పను. ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఆ లెక్క మనకి విడిగా ఎవరో చేయాలి, చేయాలంటే ఇదే డేటా కావాలి.

అల్లూరు_అమ్మాయి | ఆదివారం మధ్యాహ్నం 1:30

సార్ వాళ్ళ ప్రాజెక్టులో నేనూ ఉన్నా, 33.9 జట్టు. రాత్రి నుంచి ఇదే చదువుతున్నా. ఫైలు తెరిచి చూసినవి కొన్ని రాస్తా, ఎవరికైనా పనికొస్తాయేమో.

రోజువారీ ఫైలు మామూలు సీఎస్‌వీ, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది, ఫోన్లో కూడా. మొదటి వరస 1978 అక్టోబరు 26. గళ్ళు ఆరే: ఏడాది, నెల, రోజు, విస్తీర్ణం, దొరకని భాగం, ఆ రోజు లెక్క ఏ ఫైలు నుంచి వచ్చిందో దాని పేరు. ఈ ఆరో గడి పొడుగ్గా చికాగ్గా ఉంటుంది, మా వాళ్ళంతా ముందు దాన్నే డిలీట్ చేస్తారు. ఏ ఉపగ్రహమో తెలిసేది దాన్ని బట్టే. 1987 ఆగస్టు దాకా రోజు మార్చి రోజు వరసలు. 1987 డిసెంబరు 3 నుంచి 1988 జనవరి 12 దాకా అసలు లేవు. ఎవరూ పూడ్చలేదు, ఖాళీని ఖాళీగానే ఉంచారు.

గళ్ళ పటం ఫైళ్ళు వేరే, నెట్‌సీడీఎఫ్ అనే సైన్సు డేటా ఫార్మాట్‌లో వస్తాయి. పాత ఫైళ్ళలో మంచు శాతాన్ని 0 నుంచి 250 దాకా అంకెగా రాసేవాళ్ళు, 250 అంటే నూరు శాతం. 251 అంటే ధ్రువం దగ్గర ఉపగ్రహానికి కనపడని గుండ్రటి కన్నం, 253 తీరం, 254 నేల, 255 డేటా లేదు. ఇది చదవకుండా అన్నిటినీ 250తో భాగిస్తే సైబీరియా నేల మీద 101.6 శాతం మంచు వస్తుంది :) వివరణ పత్రం ఎందుకు దాచాలో ఒంగోలు లైబ్రరీ మేడం గారు చెప్పింది అప్పుడు బాగా అర్థమైంది.

ఇంకోటి, ఆ కన్నం సైజు మారుతూ వచ్చింది. మొదటి సెన్సర్‌కి 11.9 లక్షల చ.కి.మీ., తర్వాత 3.1 లక్షలు, 2008 నుంచి 29 వేలు. విస్తీర్ణం లెక్కలో కన్నాన్ని మంచుగానే అనుకుంటారు కాబట్టి గొడవ లేదు. మంచు వైశాల్యం అని పక్కనే ఇంకో లెక్క ఉంటుంది, గడిలో ఎంత శాతం మంచుంటే అంతే కలుపుతారు, అందులో కన్నాన్ని వదిలేస్తారు. ఆ గ్రాఫ్ గీస్తే 1987 దగ్గర, 2008 దగ్గర మంచు ఉన్నట్టుండి పెరిగినట్టు మెట్లు వస్తాయి. పెరిగింది మంచు కాదు, చూపు.

కనిగిరి_అనుమానం | ఆదివారం మధ్యాహ్నం 2:05

అమ్మాయ్, ఆ మెట్లు నేను ఒక వీడియోలో చూశాను. మంచు పెరిగిందనడానికి సాక్ష్యమని చూపించారు. ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది ఫార్వర్డ్ చేసినందుకు. ఆ వివరణ పత్రం లింకు పెట్టు, చదువుతా. చదివాక కూడా అనుమానం ఉంటే మళ్ళీ వస్తా.

ఒంగోలు_గ్రంథాలయం | ఆదివారం మధ్యాహ్నం 3:20

ఇప్పుడు డిస్కు సంగతి తేలుద్దాం. నాది షార్ సార్ మాట కాదు, గోవా తమ్ముడి మాటా పూర్తిగా కాదు.

బౌల్డర్ వాళ్ళ పని మనం నెత్తిన వేసుకోలేం. పైగా పాతబడిన కాపీ ప్రమాదం. మూడేళ్ళ తర్వాత ఎవరో పిల్లవాడు మన డిస్కులో ఫైలు తీసి ఇదే తాజా అనుకుంటాడు. మనం తప్పనిసరిగా దాచాల్సింది ఒకటే: మనం ఏ గ్రాఫ్ గీశామో, దాని కింద వాడిన ఫైలు. అచ్చంగా అదే. బౌల్డర్లో రేపు అంకె మారితే మారనీ, మా గ్రాఫ్ ఈ ఫైలు మీద గీసింది అని చూపించగలగాలి. 34.1 జట్టు దగ్గర ఆనాటి ఫైలు ఉండుంటే అసలు ఈ పంచాయితీయే లేదు.

దించిన ఫైలు పేరు మార్చొద్దు. అందులో ఒక్క అంకె కూడా దిద్దొద్దు, దిద్దాలంటే వేరే ఫైలుగా పెట్టుకోండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టినా తేదీలు తారుమారవుతాయి, జాగ్రత్త. వెర్షను, డీఓఐ (ఆ డేటాకిచ్చిన శాశ్వత గుర్తింపు నంబరు), దించిన తేదీ ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లో రాయండి. చెక్‌సమ్, అంటే ఫైలు మొత్తాన్ని బట్టి కంప్యూటర్ లెక్కేసే గుర్తింపు కోడు, తీసి అందులోనే అతికించండి, ఒక్క బిట్టు చెడినా ఆరు నెలలకోసారి సరిచూసినప్పుడు తెలిసిపోతుంది. ఆ సరిచూసే పని షార్ సార్‌కి. ఒక కాపీ కావలిలో, ఒకటి సార్ ఇంట్లో, ఒకటి మా ఒంగోలు లైబ్రరీలో ఉంచుతాను. కావలిలో పిడుగు పడితే ఒంగోల్లో ఉంటుంది.

ఫార్మాట్ గురించి ఒక్క మాట. అంటార్కిటికాలో వోస్టోక్ దగ్గర తీసిన మంచు స్తంభం డేటా, 4 లక్షల 20 వేల ఏళ్ళది, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్ళ పురావాతావరణ భాండాగారంలో ఇప్పటికీ మామూలు టెక్స్ట్ ఫైలు. నిన్న నా ఫోన్లో తెరిచాను. మీ పిల్లలు గ్రాఫ్ మాత్రం పీపీటీలో పెట్టి ఊరుకుంటే, పదేళ్ళ తర్వాత అందులోంచి ఒక్క అంకె బయటికి రాదు.

షార్_రిటైర్డ్ | ఆదివారం సాయంత్రం 4:00

ఒప్పుకున్నా తల్లీ. కానీ డిస్కులో మిగిలిన చోటు ఖాళీగా ఎందుకు, రెండు ధ్రువాల నెలవారీ పటాలు కూడా వేసేద్దాం. అవి చిన్నవే.

సింగరాయకొండ_టు_గోవా | ఆదివారం సాయంత్రం 4:12

అవి వేయండి సార్, పట్టేవే. డెన్మార్క్ వాతావరణ సంస్థ చేతితో గీసిన మంచు పటాలు కూడా ఉన్నాయి, 1893 నుంచి 1956 దాకా. ఓడల వాళ్ళు చెప్పింది చెప్పినట్టు గీశారు. ఎవరూ వెళ్ళని చోట ఊహించి వేశారు, ఏది చూసింది ఏది ఊహించింది అని గుర్తులు కూడా పెట్టారు. పిల్లలకి ముందు అవి చూపించండి.

మోడరేటర్ | ఆదివారం సాయంత్రం 5:30

లింకులన్నీ అల్లూరు_అమ్మాయి పోస్టు కిందికి చేర్చాను. జిల్లాల విభజన మీద మొదలైన పదిహేను పోస్టులు వేరే చోటికి తరలించాను, అక్కడ కొట్టుకోండి.

కావలి_ఫిజిక్స్ | ఆదివారం రాత్రి 8:10

రెండు జట్లకీ సమానంగా వేస్తున్నా. వెర్షను, తేదీ రాయనందుకు ఇద్దరికీ రెండేసి మార్కులు కోత. మేడం చెప్పిన పద్ధతిలో ఫోల్డర్ ఈ వారమే తయారుచేయిస్తాను, వివరణ తెలుగులో కూడా రాయిస్తాను.

రొయ్యలగుంట_మైపాడు | ఆదివారం రాత్రి 9:25

మేడం, ఒక మాట అడగొచ్చా. మా నాయన గుంటలు తవ్విన కాణ్ణించి ఉప్పు శాతం, నీళ్ళ వేడి నోటుబుక్కుల్లో రాసి పెట్టుండాడు. అట్టపెట్టె నిండా ఉండాయి. చెదలు పట్టకముందే ఎత్తేద్దామని ఉండాది. ఇట్టాంటివి కూడా తీసుకుంటారా?

ఒంగోలు_గ్రంథాలయం | ఆదివారం రాత్రి 9:31

తప్పకుండా. ఏమీ పారేయకండి, అట్టలతో సహా. ముందు పేజీకొకటి చొప్పున ఫోన్లో ఫొటోలు తీయండి, టైపు చేయడం తర్వాత. రీడింగు ఏ పూట తీశారో, ఏ గుంటలోదో పక్కన రాసి ఉందా? మధ్యలో మీటరు మార్చారా?

రొయ్యలగుంట_మైపాడు | ఆదివారం రాత్రి 9:48

పూట రాసుండాడు. గుంటలకి నెంబర్లు మధ్యలో మార్చినాడు, ఏ ఏడో అమ్మనడగాలి. మీటరు రెండుసార్లు మారింది, పాతది ఇంకా అటక మీదనే ఉండాది.

సింగరాయకొండ_టు_గోవా | ఆదివారం రాత్రి 9:52

అన్నా, ఆ పాత మీటరు ఎవరికీ ఇవ్వబాక. పనిచేస్తుంటే రెండూ ఒకే గుంటలో ముంచి కొన్నాళ్ళు పక్కపక్కన రీడింగు తీద్దాం. బుధవారం వస్తా.